సముద్రం దాటిన బిడ్డ, ఒడ్డున ఉన్న కోర్టు

(అత్తిబెలెలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



ఎవరి స్మృతిలో ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ వకీలుగారికి తన గురించి ఎవరైనా సభలో మాట్లాడితే గిట్టేది కాదు. అందుకని ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వస్తాను. పిల్లల కస్టడీ కోసం ఎవరొచ్చినా ఆయన పెళ్ళెప్పుడయింది, గొడవెందుకొచ్చింది అని మొదలుపెట్టేవారు కారు. “పిల్లవాడు ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటాడు?” అని అడిగేవారు. జూనియర్లకు అది పెద్దాయన జాలిగుండెలా కనిపించేది. నిజానికి అది చట్టం బాగా తెలిసినవాడి ప్రశ్న. ఏ కోర్టు మెట్లెక్కాలో, ఆ కోర్టు చెయ్యి ఎంతదూరం సాగుతుందో ఆ జవాబులోనే ఉంటుంది.

ఈ రోజుల్లో ఆ ప్రశ్నకు డాలస్ అనో, సియాటిల్ అనో, లండన్ అనో, దుబాయి అనో జవాబు వస్తోంది. మన హొసూరు రోడ్డు మీద కాస్త ముందుకు వెళ్తే ఎలక్ట్రానిక్ సిటీ. ఆన్‌సైట్‌కి వెళ్ళొచ్చినవాళ్ళు లేని అపార్టుమెంటు చందాపురలో గానీ సర్జాపురలో గానీ దొరకడం కష్టం. పెళ్ళి తిరుపతిలో, కాపురం అమెరికాలో, కాన్పు అక్కడే, తగాదా అక్కడే, పుట్టిల్లు ఇక్కడ. కాపురం నిలవకపోతే బిడ్డ ఏ దేశం కోర్టు నీడలో ఉన్నట్టు? దూరదేశంలో ఉన్న బిడ్డను కాపాడే అధికారం మన కోర్టుకు ఎంత ఉంది? మన దగ్గరికి వచ్చేసిన బిడ్డ మీద ఆ దేశపు కోర్టుకు ఎంత ఉంది? ఈ సాయంత్రం మాట్లాడబోయేది ఇదే.

మొదటే ఒక మనవి. కేసుల తేదీలు, కోర్టులు, న్యాయమూర్తుల పేర్లు చెబుతాను. తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు చెప్పను. లా రిపోర్టుల్లో అవన్నీ అచ్చయి ఉన్నాయి, నిజమే. కానీ ఆ పిల్లల్లో కొందరికి ఇవాళ సొంత ఉద్యోగాలు, సొంత కాపురాలు ఉండే వయసు. అమ్మానాన్నల తగాదాకు గుర్తుగా వాళ్ళ పేర్లు సభల్లో నలగడం న్యాయం కాదు.

చెక్‌పోస్టుకు అటూ ఇటూ

మన చెక్‌పోస్టు దగ్గరే మొదలుపెడదాం. అత్తిబెలెలో బడికి వెళ్ళే పిల్లను తండ్రి ఒక ఆదివారం స్కూటరు మీద కూర్చోబెట్టుకుని హొసూరులో తన తల్లి ఇంట్లో దించాడనుకోండి. అరగంట ప్రయాణం. కానీ కర్ణాటక పోయి తమిళనాడు వచ్చింది, హైకోర్టు మారింది, పోలీసు స్టేషను మారింది. తల్లి ఎక్కడ పిటిషను వేయాలి?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో 9వ సెక్షను దీనికి జవాబు చెబుతుంది. మైనరు మామూలుగా ఎక్కడ నివసిస్తున్నాడో అక్కడి కోర్టుకే అధికారం. ‘మామూలుగా’ అన్నది కీలకం. ఆదివారం రాత్రి పిల్ల హొసూరులో పడుకున్నంత మాత్రాన ఆమె ఇల్లు హొసూరు అయిపోదు. బడి ఇక్కడ, స్నేహితులు ఇక్కడ, టీకాల కార్డు ఇక్కడి ఆసుపత్రిది. ఒకరు దొంగతనంగా తీసుకెళ్ళినందుకు బిడ్డ నివాసం మారిపోదని మన కోర్టులు చాలాసార్లు చెప్పాయి. ఇక్కడి కోర్టు ఉత్తర్వు ఇస్తే హొసూరులో అది చెల్లుతుంది. చెక్‌పోస్టుకు అటూ ఇటూ ఒకటే చట్టం, అన్నిటికీ పైన ఒకటే సుప్రీంకోర్టు.

ఇప్పుడు అదే తండ్రి స్కూటరు మీద కాకుండా విమానంలో తీసుకెళ్ళాడనుకోండి. బిడ్డ నివాసం అత్తిబెలే అని కోర్టు తేల్చగలదు. తల్లికి కస్టడీ ఇస్తూ ఉత్తర్వు కూడా రాయగలదు. ఆ కాగితాన్ని దుబాయిలో గానీ టెక్సాస్‌లో గానీ అమలు చేసే అమీను మాత్రం మన దగ్గర లేడు. యూఏఈని 2020 జనవరిలో మన ప్రభుత్వం సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షను కింద పరస్పర గుర్తింపు ఉన్న దేశంగా ప్రకటించింది. అది చూసి కక్షిదారులు ఆశపడతారు. కానీ ఆ సెక్షను డబ్బు డిక్రీలకే. అందులో బాకీ వసూలవుతుంది, బిడ్డ రాదు.

పాత అధికారం, కొత్త జాగ్రత్త

బిడ్డ ఎక్కడున్నా రాజ్యం తండ్రి స్థానంలో నిలబడి కాపాడాలన్న భావన ఇంగ్లండ్ చాన్సరీ కోర్టులో పుట్టింది. 1854లో లార్డ్ క్రాన్‌వర్త్ ముందుకు ఒక కేసు వచ్చింది. పిల్లలు బ్రిటిష్ ప్రజలే గానీ ఉన్నది ఫ్రాన్సులో. నేల పరాయిదైనా బిడ్డ మనవాడైతే కోర్టుకు అధికారం ఉన్నట్టే అని ఆయన తేల్చారు. ఆ అధికారానికి ఇప్పటికీ ప్రాణం ఉంది. 2013 సెప్టెంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ముందుకు ఇంకా చిత్రమైన కేసు వెళ్ళింది. పిల్లలతో చుట్టపుచూపుగా పాకిస్తాన్ వెళ్ళిన తల్లిని అత్తింటివారు తిరిగి రానివ్వలేదు. అక్కడే మరో కొడుకు పుట్టాడు. ఆమె ఎలాగో ఒంటరిగా ఇంగ్లండ్ చేరి కోర్టుకెక్కింది. ఆ చిన్నవాడు ఇంగ్లండ్ గడ్డ మీద ఒక్కనాడూ కాలు పెట్టలేదు. అయినా పౌరసత్వాన్ని బట్టి వాడి మీద కోర్టుకు అధికారం ఉందని లేడీ హేల్ రాశారు. ఉంది గానీ ఎంతో జాగ్రత్తగా వాడాలన్నారు.

అంత జాగ్రత్త ఎందుకు? వాడినంత మాత్రాన పని జరగదు కనుక. పాకిస్తాన్‌లో ఉన్న బిడ్డ దగ్గరికి లండన్ కోర్టు బంట్రోతు వెళ్ళలేడు. కానీ ఆ బిడ్డ తండ్రి లండన్‌లో ఉంటే అతని పాస్‌పోర్టు, జీతం, స్వేచ్ఛ అన్నీ కోర్టు గుప్పిట్లో ఉంటాయి. ఈ వ్యవహారం అంతటికీ ఆయువుపట్టు ఇక్కడే ఉంది. దేశం దాటిన బిడ్డ దాకా కోర్టు చెయ్యి చేరదు, చేరేది పెద్దల దాకా. బిడ్డను కాపాడే ప్రతి ఉత్తర్వూ చివరికి ఒక తల్లినో తండ్రినో కట్టిపడేసే ఉత్తర్వే.

మన కోర్టుల చేతిలో ఉన్న పనిముట్లన్నీ ఆ బాపతువే. హైకోర్టులో 226వ అధికరణం కింద, సుప్రీంకోర్టులో 32వ అధికరణం కింద వేసే హేబియస్ కార్పస్ బిడ్డను కోర్టుకు తెమ్మని పెద్దలకు ఇచ్చే తాఖీదు. 1967 పాస్‌పోర్టు చట్టం 10వ సెక్షను కింద, కోర్టు సమన్లో వారంటో ఉన్న మనిషి పాస్‌పోర్టును పాస్‌పోర్టు అధికారి స్వాధీనం చేసుకోవచ్చు. లుకౌట్ సర్క్యులరు వస్తే దేవనహళ్ళి విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటరు దాటనివ్వరు. 2005 గృహహింస చట్టం 21వ సెక్షను కింద మేజిస్ట్రేటు తాత్కాలిక కస్టడీ ఇవ్వవచ్చు. ఆ చట్టంలో మరో సౌలభ్యం ఉంది. బాధితురాలు తాత్కాలికంగా తలదాచుకున్న ఊరి కోర్టులోనూ పిటిషను వేయవచ్చు. అమెరికా నుంచి పుట్టింటికి వచ్చిన అమ్మాయి ఆనేకల్ కోర్టుకు వెళ్ళవచ్చునన్నమాట.

తెలుగిళ్ళ తగాదాలు

దేశం దాటిన కుటుంబ తగాదాల్లో మన న్యాయశాస్త్రం నేర్చుకున్న పాఠాల్లో చాలా భాగం తెలుగు కుటుంబాలు నేర్పినవే. గర్వపడాల్సిన సంగతి కాదు గానీ తెలుసుకోవలసిన సంగతి.

1991 జులై 9న సుప్రీంకోర్టులో జస్టిస్ పి.బి. సావంత్ ఒక తీర్పు చెప్పారు. పెళ్ళి తిరుపతిలో, విడాకులు అమెరికాలోని మిస్సోరిలో, రెండో పెళ్ళి యాదగిరిగుట్టలో, కేసు చీరాల మేజిస్ట్రేటు కోర్టులో. హిందూ వివాహ చట్టం ఒప్పుకోని కారణంతో, భార్య ఇష్టపడి ఆ కోర్టుకు లోబడకుండా, పరాయి దేశం ఇచ్చిన విడాకులు ఇక్కడ చెల్లవన్నది ఆ తీర్పు సారం. అమెరికా కోర్టు ముద్ర పడిన కాగితమంటే వేదవాక్కు అనుకునే రోజులు ఆ తీర్పుతో పోయాయి.

పెళ్ళికి చెప్పిన సూత్రం పిల్లలకు అంత సులువుగా అతకదు. 2009 నవంబరు 17న జస్టిస్ ఆర్.ఎం. లోధా రాసిన తీర్పు చూడండి. ఈ జంట పెళ్ళి కూడా తిరుపతిలోనే, 2000 డిసెంబరులో. బిడ్డ అమెరికాలో పుట్టాడు. విడాకులయ్యాయి. బిడ్డను ఇద్దరూ ఉమ్మడిగా చూసుకుంటామని ఒప్పుకోగా 2007 జూన్‌లో న్యూయార్క్ ఫ్యామిలీ కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అదే నెలలో తల్లి బిడ్డతో ఇండియా వచ్చేసింది. తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్తే తల్లీబిడ్డలను వెతకమని రాష్ట్రాల పోలీసులకు చెప్పారు, దొరకలేదు. చివరికి సీబీఐకి అప్పగిస్తే వాళ్ళు చెన్నైలో పట్టుకున్నారు. ఊళ్ళు మారుతూ, రాష్ట్రాలు మారుతూ గడిచిన ఆ రెండేళ్ళలో పిల్లవాడు ఏ బడిలోనూ కుదురుగా కూర్చోలేదు. తల్లికి కోర్టులో అన్నిటికన్నా ఎదురు తిరిగింది ఇదే. బిడ్డ ఇక్కడ వేళ్ళూనుకున్నాడని చెప్పుకోవడానికి దాక్కున్న కాలం పనికిరాదు. 15 రోజుల్లో బిడ్డను తనే అమెరికా తీసుకెళ్ళమని కోర్టు ఆదేశించింది. ప్రయాణం ఖర్చు, అక్కడ ఉండడానికి వసతి తండ్రి చూడాలంది. ఆమె మీద వారంటుంటే అతనే మాఫీ చేయించాలంది. ఆమె వెళ్ళనంటేనే బిడ్డను తండ్రికి అప్పగించాలంది. ఆ తీర్పులో బరువైన భాగం ఈ షరతులే. వాటి సంగతి మళ్ళీ చెబుతాను.

2013లో సియాటిల్ కోర్టు ఉత్తర్వును కాదని బిడ్డతో వచ్చేసిన ఒక తల్లి కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడా ఆమెకు చుక్కెదురైంది.

తరవాతది 2019 మార్చి 15న జస్టిస్ అజయ్ రస్తోగి చెప్పిన తీర్పు. దంపతులది హైదరాబాదు, కాపురం పెన్సిల్వేనియాలో, పిల్లలిద్దరూ అమెరికాలో పుట్టినవారు. ఇంట్లో పెద్దావిడ చనిపోతే 2017 మార్చిలో తల్లి పిల్లలతో హైదరాబాదు వచ్చింది. ఏప్రిల్‌లో తిరిగి వెళ్ళడానికి టికెట్లు చేతిలో ఉన్నాయి. ఆ తేదీ రాకముందే హైదరాబాదు ఫ్యామిలీ కోర్టులో కస్టడీ పిటిషను పడింది. మన వకీలుగారు అడిగే ప్రశ్నే అక్కడ కోర్టు అడిగింది. ఈ పిల్లలు మామూలుగా నివసించేది ఎక్కడ? తిరుగు టికెట్టే జవాబు చెప్పింది. చావుకు వచ్చి కొన్ని వారాలున్నంత మాత్రాన హైదరాబాదు వాళ్ళ నివాసం కాదు. 9వ సెక్షను కింద ఇక్కడి ఫ్యామిలీ కోర్టుకు అసలు అధికారమే లేదన్న హైకోర్టు మాటను సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కస్టడీ ఎవరికి అన్నది తేల్చే పని పెన్సిల్వేనియా కోర్టుకే వెళ్ళింది.

తీర్పుల ఊగిసలాట

ఇవి విని, బిడ్డను తెచ్చుకుంటే తిరిగి పంపించెయ్యడమే చట్టం కాబోలనుకోకండి. మన సుప్రీంకోర్టు నలభై ఏళ్ళుగా రెండు ధ్రువాల మధ్య తిరుగుతోంది. ఒకటి పరాయి కోర్టు మాటకు మర్యాద, రెండోది బిడ్డ మేలు.

1984 నాటి కేసు గుండె కలచివేస్తుంది. ఇంగ్లండ్‌లో ఫ్యాక్టరీ పని చేసుకునే భార్యను భర్త చంపించబోయి దొరికిపోయాడు. అతన్ని వదిలిపెట్టమని ఆ భార్యే కోర్టును బతిమాలుకుంది. ప్రొబేషన్ మీద బయటపడ్డవాడు బిడ్డను ఎత్తుకుని పంజాబ్ వచ్చేశాడు. ఆమె వెంట వచ్చి పోరాడి గెలిచింది. ఆ కుటుంబంతో అన్నిటికన్నా దగ్గరి సంబంధం ఏ దేశానికి ఉందో ఆ దేశపు కోర్టే తేల్చాలని ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ అన్నారు. ఆ తరవాతి కేసులో మిషిగన్‌లో బడి నుంచి బిడ్డను నేరుగా విమానమెక్కించి పుణె తెచ్చిన తండ్రికీ కోర్టు అంతే గట్టిగా చెప్పింది.

1997లో ఈ దారిని కొంచెం మళ్ళించినవారు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఎం. జగన్నాథరావు. తల్లి అమెరికా నుంచి తెచ్చినప్పుడు ఆ బిడ్డ 35 రోజుల పసికందు. కేసు ఢిల్లీ చేరేసరికి పన్నెండేళ్ళు దాటాయి. తండ్రి చేతిలో అమెరికా కోర్టు ఉత్తర్వు ఉంది. జగన్నాథరావుగారు 1951 నాటి ప్రీవీ కౌన్సిల్ తీర్పును తవ్వి తీసి ఒక తేడా చూపించారు. బిడ్డ వచ్చి ఎన్నాళ్ళో కాకపోతే కోర్టు పైపైన విచారించి తిరిగి పంపవచ్చు. ఏళ్ళు గడిచి బిడ్డ ఇక్కడ నాటుకుపోతే పరాయి ఉత్తర్వును ఒక సాక్ష్యంగానే చూసి, బిడ్డ మేలు ఎక్కడుందో లోతుగా విచారించాలి. ఆ పిల్లవాడు తల్లి దగ్గరే ఉండిపోయాడు.

2015 ఫిబ్రవరిలో కోయంబత్తూరు నుంచి వచ్చిన కేసులో జస్టిస్ మదన్ లోకూర్ మళ్ళీ పరాయి కోర్టు మర్యాద వైపు మొగ్గారు. ముందుగా ఏ కోర్టు చేయి వేస్తే దాని మాట నెగ్గాలన్నారు. రెండేళ్ళు దాటాక, 2017 జులై 3న జస్టిస్ ఖన్విల్కర్ ముగ్గురు సభ్యుల ధర్మాసనం తరఫున ఆ సూత్రాన్ని పక్కన పెట్టారు. గుండె జబ్బున్న ఒక పాపను తల్లి దగ్గర నుంచి ఇంగ్లండ్ పంపనక్కర లేదన్నారు. పరాయి కోర్టు ఉత్తర్వు చూడవలసిన విషయాల్లో ఒకటి మాత్రమే, బిడ్డ మేలే అన్నిటికన్నా పైన అన్నారు. ఇవాళ మన కోర్టుల్లో నిలబడి ఉన్న చట్టం అది.

ఈ ఊగిసలాటలో ఒక్కటి మాత్రం చాలా కేసుల్లో నిలకడగా కనిపిస్తుంది. గెలిచిన పక్షాన్ని చూడండి, ఆలస్యం ఎవరికి కలిసొచ్చిందో చూడండి. వచ్చి కొన్ని నెలలే అయితే బిడ్డ తిరిగి వెళ్ళాడు. ఏళ్ళు గడిస్తే ఉండిపోయాడు. అంటే చాలా కేసుల్లో తీర్పు రాసింది న్యాయమూర్తి కాదు, వాయిదా. ఈ మాట కటువుగా ఉంటుందని తెలిసే చెబుతున్నాను. బిడ్డకు ఒక ఏడాది అంటే పెద్దలకు పదేళ్ళు. భాష మారుతుంది, స్నేహితులు మారతారు, అవతలివారి ముఖం ఫోను తెరలోని బొమ్మ అయిపోతుంది. బిడ్డ మేలు తేల్చడానికి మనం తీసుకునే కాలమే ఆ మేలు ఏమిటో మార్చేస్తోంది.

బెంగళూరు నేర్పినవి

మన బెంగళూరు నుంచి వెళ్ళిన రెండు కేసులు చెబుతాను. 2020 సెప్టెంబరులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ముందుకు వచ్చిన కేసులో, అమెరికాలో పుట్టిన పిల్లవాణ్ణి తండ్రితో పంపడానికి కర్ణాటక హైకోర్టు ఒప్పుకుంది. కానీ అది కోవిడ్ కాలం. పరిస్థితి పంపడానికి అనువుగా ఉందని ఆరోగ్య అధికారి ధ్రువపత్రం ఇవ్వాలని షరతు పెట్టింది. ఆ ధ్రువపత్రం ఎన్నటికి వచ్చేను? సుప్రీంకోర్టు ఆ షరతు తీసేసింది. ఆచరణలో నెరవేరని షరతు, ఉత్తర్వునే కొట్టేసినంత పని చేస్తుంది.

2022 జులై 29న వచ్చిన తీర్పు ఇంకా సున్నితమైనది. బిడ్డ అమెరికా పౌరుడు, 11 ఏళ్ళవాడు. తల్లితో బెంగళూరు వచ్చి రెండేళ్ళు దాటింది. పిల్లవాడితో మాట్లాడి అతని ఇష్టం తెలుసుకోవచ్చు, కానీ ఇష్టం వేరు, మేలు వేరు, మేలేదో తేల్చే భారం కోర్టుదే అంది సుప్రీంకోర్టు. అమెరికాకు తిరిగి పంపింది. తీర్పుతో ఏకీభవించినా ఏకీభవించకపోయినా ఆ వాక్యం వెనక ఒక దయ ఉందని నాకనిపిస్తుంది. జడ్జిగారి ఛాంబరులో బల్లకు ఇవతల కూర్చున్న పిల్లవాడి కాళ్ళు నేలకు ఆనవు. తలుపు అవతల అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు. ‘నీకు ఎవరి దగ్గర ఇష్టం?’ అని అడిగి ఆ జవాబు మీదే తీర్పు నిలబెడితే, ఇద్దరిలో ఒకరిని వదులుకున్న పాపం జీవితమంతా ఆ పిల్లవాడు మోయాలి. ఆ భారం కోర్టు తన నెత్తిన వేసుకోవడమే మంచిది.

2020 జనవరిలో జస్టిస్ దీపక్ గుప్తా చెప్పిన మరో తీర్పు కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. కస్టడీ దక్కని తల్లో తండ్రో వేరే దేశంలో ఉంటే రోజూ అయిదు పది నిమిషాలైనా వీడియో కాల్‌లో బిడ్డతో మాట్లాడే హక్కు ఇవ్వాలన్నారు. ఖర్చు లేని ఉపకారం. ఈ ఒక్క అంశం మీద ఇరుపక్షాల వకీళ్ళు మొదటి వాయిదాలోనే రాజీకి రాకపోతే తప్పు మనదే.

షరతులకు పట్టు ఎంత?

షరతుల సంగతి మళ్ళీ చెబుతానన్నాను. హెచ్-4 వీసా మీద వెళ్ళిన అమ్మాయిని తలచుకోండి. ఆమె వీసా భర్త వీసా మీద ఆధారపడింది. విడాకులైతే ఆ వీసాకు కాలం చెల్లుతుంది. ‘బిడ్డను అమెరికా పంపండి’ అన్న ఉత్తర్వు ఆమె చెవికి ‘బిడ్డను వదులుకో’ అన్నట్టే వినపడుతుంది. 2022 జనవరిలో జస్టిస్ అభయ్ ఓకా తల్లి పక్షాన ఒక న్యాయమైన మాట అన్నారు. బిడ్డతో పాటు దేశం విడిచి వెళ్ళమని రిట్ కోర్టు తల్లిని బలవంతపెట్టలేదు. వెళ్ళదలిస్తే వసతీ ఖర్చులూ తండ్రి భరించాలి. అంటే దారి చూపాలి గానీ మెడ పట్టి గెంటకూడదు.

అలాంటి షరతులు కాగితం మీద చక్కగానే ఉంటాయి. విమానం దిగాక వాటిని ఎవరు నిలబెడతారు? 2020 అక్టోబరులో కెన్యాలో స్థిరపడ్డ తండ్రికి ఒక పిల్లవాణ్ణి అప్పగిస్తూ సుప్రీంకోర్టు చేయగలిగిన జాగ్రత్తలన్నీ చేసింది. నైరోబీ కోర్టు నుంచి అద్దంలో నీడలా అదే ఉత్తర్వు తెమ్మంది. కోటి రూపాయలు రిజిస్ట్రీలో జమ కట్టమంది. ముగ్గురిలో ఒక న్యాయమూర్తి, జస్టిస్ హేమంత్ గుప్తా, అప్పుడే వద్దన్నారు. బిడ్డ వెళ్ళిపోయాడు. తండ్రి మాట నిలబెట్టుకోలేదని తల్లి మళ్ళీ వచ్చింది. ఏడాది తిరగకముందే 2021 అక్టోబరు 7న కోర్టు తన తీర్పునే వెనక్కి తీసుకుంది, ధిక్కారం కింద చర్య మొదలుపెట్టింది, సీబీఐని దించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. దేశంలో అత్యున్నత న్యాయస్థానానికే అలా జరిగితే ఆనేకల్ కోర్టు మాటేమిటి?

అవతలి దేశపు చట్టంలో ఆ ఉత్తర్వు ఎక్కడ నిలుస్తుందో ముందే చూసుకోవాలి. అమెరికాలో మసాచుసెట్స్ తప్ప మిగిలిన రాష్ట్రాలన్నీ 1997లో రూపొందించిన ఒక ఉమ్మడి కస్టడీ చట్టాన్ని అమలు చేస్తున్నాయి. బిడ్డ వరసగా ఆరు నెలలు ఎక్కడుంటే అదే వాడి సొంత రాష్ట్రం. పరాయి దేశాన్ని కూడా మరో రాష్ట్రంలాగే చూడాలని అందులో రాశారు, మానవ హక్కులకు భంగం కలిగించే చట్టాలున్న దేశాలను మినహాయించి. అంటే ఇక్కడ పెరిగిన బిడ్డను అక్కడికి ఎత్తుకెళ్తే, అవతలి పక్షానికి నోటీసు ఇచ్చి, వాదన విని, మన కోర్టు ఇచ్చిన ఉత్తర్వును అక్కడి కోర్టులో నమోదు చేయించుకునే దారి ఉంది. ఏకపక్షంగా హడావుడిగా తెచ్చుకున్న ఉత్తర్వు మాత్రం అక్కడ చిత్తు కాగితమే.

హేగ్ ముంగిట నిలబడి

1980 అక్టోబరు 25న హేగ్‌లో పిల్లల అపహరణ మీద కుదిరిన ఒప్పందంలో వందకు పైగా దేశాలు చేరాయి. శ్రీలంక చేరింది, పాకిస్తాన్ చేరింది. మనం చేరలేదు. ఆ ఒప్పందం కస్టడీ తేల్చదు, ఏ దేశపు కోర్టు తేల్చాలో మాత్రం చెబుతుంది. పదహారేళ్ళ లోపు బిడ్డను అక్రమంగా తెస్తే ఏడాదిలోగా అడిగినవారికి తిరిగి పంపాలి. ఆరు వారాల్లో నిర్ణయం రావాలి. బిడ్డకు తీవ్రమైన ముప్పు ఉందని రుజువైతే పంపనక్కర లేదు.

చేరమని లా కమిషన్ 2009లో 218వ నివేదికలో చెప్పింది. 2016లో 263వ నివేదికతో బిల్లు ముసాయిదా కూడా రాసి ఇచ్చింది. జస్టిస్ రాజేశ్ బిందల్ కమిటీ 2018లో ఇంకో నివేదిక ఇచ్చి, ఇలాంటి తగాదాల కోసం ప్రత్యేక ప్రాధికార సంస్థ ఉండాలంది. అన్నీ అటక మీదే ఉన్నాయి. ప్రభుత్వం జంకడానికి కారణం లేకపోలేదు. ఒప్పందం రాసినప్పుడు బిడ్డను ఎత్తుకెళ్ళేది తండ్రి అనుకున్నారు. మన దగ్గర ఎక్కువగా కనిపించేది దెబ్బలు తిని, పాస్‌పోర్టు దాచిపెట్టించుకుని, ఎలాగో పుట్టింటికి చేరిన తల్లి. తీవ్రమైన ముప్పు అనే మాటలో తల్లి పడ్డ హింస చేరుతుందో లేదో ఒప్పందంలో నేరుగా లేదు.

నా అభిప్రాయం చెబుతాను. ఒప్పందంలో చేరడం, చేరకపోవడం అన్న చర్చలో చిక్కుకుని అసలు పని మరిచిపోయాం. 2003 జనవరిలో, పాకిస్తాన్ ఇంకా ఒప్పందంలో లేని రోజుల్లో, బ్రిటన్, పాకిస్తాన్ న్యాయమూర్తులు కూర్చుని ఇరుదేశాల కోర్టులు ఎలా సహకరించుకోవాలో రాసుకున్నారు. మనకు అంత మాత్రం కూడా లేదు. ముందుగా మన సొంత చట్టం రావాలి. అందులో నాలుగు ఉండాలి. తేల్చడానికి గడువు. ప్రతి హైకోర్టులో ఈ కేసులకే ఒక ధర్మాసనం, విదేశీ కోర్టుతో నేరుగా మాట్లాడగల న్యాయమూర్తి. తల్లి మీద జరిగిన హింస బిడ్డ మీద జరిగినట్టే లెక్కించాలన్న స్పష్టమైన వాక్యం. నాలుగోది, బిడ్డ విమానం ఎక్కకముందే వీసా, వసతి, అరెస్టు ఉండదన్న హామీ, ఇవన్నీ అవతలి కోర్టు ఉత్తర్వుగా చేతికి రావాలన్న నియమం. మాట ఇచ్చాడు కదా అని బిడ్డను పంపితే ఏమవుతుందో నైరోబీ చెప్పింది.

మన బల్ల మీద పని

ఇక్కడ కూర్చున్న తల్లిదండ్రులకు రెండు మాటలు. బిడ్డతో వచ్చేయవలసిన పరిస్థితే వస్తే వచ్చేయండి, ప్రాణం కన్నా ఏదీ ఎక్కువ కాదు. కానీ దాక్కోకండి. వచ్చిన వారంలోనే కోర్టుకు వెళ్ళండి, అవతలి వారితో బిడ్డను మాట్లాడించండి. కొట్టాడన్న మాట ఒక్కటే చాలదు. పోలీసులకు చేసిన ఫోను, డాక్టరు చీటీ, బడి కౌన్సెలరు రాసిన ఈమెయిలు మీతో తెచ్చుకోండి. ఇక బిడ్డ వెళ్ళిపోయి వెనక మిగిలినవారు పెద్దమనుషుల పంచాయితీ అంటూ నెలలు పోగొట్టుకోకండి. మాట్లాడుకోవచ్చు, బెంగళూరు న్యాయదేగుల భవనంలో మీడియేషన్ సెంటరు ఉంది. అయితే పిటిషను వేశాక మాట్లాడుకోండి.

న్యాయవాద మిత్రులకు ఒకటే మనవి. పిల్లల కేసులో గెలవడానికి కాలయాపన ఒక ఆయుధమని మనందరికీ తెలుసు. కౌంటరుకు మూడు వారాలు, పెద్ద వకీలు ఊళ్ళో లేరని ఇంకో నాలుగు, తరవాత వేసవి సెలవులు. కక్షిదారు అడుగుతాడు, మనం అడుగుతాం, కోర్టు ఇస్తుంది. ఆ వాయిదాల్లోనే బిడ్డకు ఒక దేశం పోయి ఇంకో దేశం వస్తుంది. చట్టం ఎప్పుడు వస్తుందో ఢిల్లీ చెప్పాలి. ఒప్పందం మీద సంతకం ఎప్పుడో విదేశాంగ శాఖ చెప్పాలి. పిల్లల కేసులో అనవసరపు వాయిదా అడగబోమని ఆనేకల్, హొసూరు బార్ అసోసియేషన్లు తీర్మానం చేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర లేదు. ఏటా సభ పెట్టి దండ వేయడం కన్నా వకీలుగారికి అదే తగిన స్మారకం. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవారు ఆ తీర్మానాన్ని చదివి మొదలుపెట్టాలని కోరుతున్నాను.